సూది దిగని చీర

ఆ ఆదివారం ధర్మవరంలో, మా అన్నకు పిల్లనివ్వబోతున్న ఇంట్లో, ముందుగదిలో ఉన్నవాళ్లు: మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్న ఇంటాయన, అంటే మా అన్నకు కాబోయే మామ, గోడవార మంచం మీద ఆయన తల్లి, వంటింటి గడప దగ్గర ఆయన భార్య, ఆమె భుజం వెనక సగం కనబడుతూ మాకు కాబోయే వదిన, కింద చాప మీద మా అమ్మ, మా పెద్దమ్మ, నేను. పెళ్లికొడుకు లేడు. రావడం బాగుండదన్నారు. వచ్చినా అతన్ని ఎవరూ ఏమీ అడిగేవాళ్లు కాదు కాబట్టి నష్టం లేదు.

ఉన్న వస్తువులు: సగం నేసిన చిలకపచ్చ చీరతో మగ్గం, గాలికి పోగులు కదలకుండా గోడవైపు తిప్పిపెట్టిన టేబుల్ ఫ్యాను, అది గోడకు శ్రద్ధగా విసురుతోంది, టీ గ్లాసులు, మా పెద్దమ్మ ఒళ్లో ఒక గుడ్డసంచి. సంచిలో ఏముందో నాకు తెలుసు. కొక్కెం తల ఉన్న క్రోషా సూది, తెల్లదారం ఉండ, అరచేతిలో పట్టేంత లేసు ముక్క.

మేం వెళ్లింది ముహూర్తపు చీర చెప్పడానికి. మా వైపు ముహూర్తపు చీర మగపెళ్లివాళ్లే పెట్టాలి. ఆడపెళ్లివాళ్లది పట్టుచీరలు నేసే ఇల్లయితే ఈ నియమం కాస్త వింతగా నడుస్తుంది. తండ్రి నేసిన చీరను ఆ తండ్రి దగ్గరే కొని, ఆయన కూతురికే పెట్టి, బాగుందని మళ్లీ ఆయన చేతే అనిపించుకోవాలి. ఇందులో ఎవరికీ ఇబ్బంది కనబడలేదు. రంగు కుదిరింది, అరిటాకు పచ్చకు కుంకుమ రంగు అంచు. కొంగులో హంసలు కావాలని వదిన, వద్దని వాళ్లమ్మ, మామిడిపిందెలని రాజీ. అంతా అయిపోయిందనుకుని అమ్మ లేవబోతుంటే పెద్దమ్మ గొంతు సవరించుకుని, చీర మీరు నేసియ్యండి, కొంగుకు లేసు మేం పెట్టుకుంటాం అంది.

మాట్లాడుతూనే నేస్తున్న మామ చెయ్యి ఆగింది. అప్పటిదాకా మగ్గం చప్పుడుకు అలవాటు పడ్డ గదిలో ఫ్యాను మాత్రం వినబడింది.

"లేసా?" అన్నాడాయన.

ఇక్కడ సంచి గురించి చెప్పాలి.

పెదనాయన పోయాక పెద్దమ్మ మడకశిరలో ఇల్లు ఖాళీ చేసి హిందూపురంలో మా దగ్గరికి వచ్చేసింది. వెంట తెచ్చుకున్న ట్రంకు పెట్టెలో బట్టలు తక్కువ, లేసులు ఎక్కువ. ఏడాది తిరక్కుండా మా ఇంట్లో బయటికి కనబడే సామాను లేకుండా పోయింది. టీవీకి కవరు, ఫ్రిజ్ నెత్తిన ఒక కవరు, ఫ్రిజ్ పిడికి ఇంకొకటి, మిక్సీకి టోపీ, నీళ్ల ఫిల్టరుకు చొక్కా, గ్యాస్ సిలిండరుకు లంగా. సిలిండరు మార్చడానికి వచ్చినతను ఒకరోజు ఖాళీ సిలిండరును లంగాతో సహా ఆటోలో వేసుకుని పోయాడు. అది లేపాక్షి రోడ్డు వైపు పోతుండగా చివరిసారి చూసినవాళ్లున్నారు. పెద్దమ్మ రెండోది అల్లింది.

పెద్ద డబ్బా టీవీ పోయి గోడకు తగిలించే టీవీ వచ్చినప్పుడు, పాత కవరు పారేయడానికి ఆమె ఒప్పుకోలేదు. అది కొత్త టీవీ మీద ఆరేసిన తువ్వాలులా వేలాడేది. రిమోటు కిరణం లేసు చిల్లులోంచి దూరితేనే చానెల్ మారేది. మా నాయన సోఫా చివరికి జరిగి, ఒక కన్ను మూసి, చిల్లుకు గురిపెట్టి నొక్కడం నేర్చుకున్నాడు. వార్తలకు ఒక చిల్లు, క్రికెట్టుకు ఒక చిల్లు ఉన్నట్టే ఉండేది వ్యవహారం. వైఫై డబ్బాకు కూడా ఆమె కొలత తీసుకుంటుంటే, అది వేడెక్కుతుందని నేను అడ్డుపడ్డాను. అందుకే కదా చిల్లులు పెట్టేది అంది. డబ్బాకు ఇప్పటికీ కవరుంది.

ఈ విద్య ఆమెకు ఎక్కడిదో రాసిపెట్టుకుందామని నేను చాలాసార్లు అడిగాను. చరిత్ర ఒకటే ఉండాలని నా చదువు నాకు చెప్పింది. ఆమె దగ్గర మూడున్నాయి. ఒకదాని ప్రకారం మడకశిర బడిలో చేతిపనుల పీరియడ్‌లో కన్నడం టీచరమ్మ నేర్పింది. రెండోదాని ప్రకారం ఆ టీచరమ్మకు అసలేమీ రాదు. ఆమె ఇంటిపక్కన కాపురమున్న నర్సు నేర్పింది, ఆ నర్సుకు మిషన్ ఆసుపత్రిలో దొరసానులు నేర్పారు. మూడోది, పెదనాయనతో మాటల్లేని రోజుల్లో తన చేతులు తమంతట తామే నేర్చుకున్నాయి. కోస్తా వైపు గోదావరి పక్క లేసులు మిషనరీలు వచ్చాక మొదలయ్యాయంటారని, అక్కడ అది ఊళ్లకు ఊళ్లు బతికే పని అని నేను చదివింది చెప్పాను. ఆమె విని, పాపం, వాళ్లకు చెప్పేవాళ్లు లేకుంటే రాలేదన్నమాట అంది. మూడు చరిత్రల్లో దేన్నీ తీసేయడానికి మాత్రం ఒప్పుకోలేదు.

ఎప్పుడు మొదలైనా లేసు గురించి ఆమె బాధ ఒకటే. అన్న పెళ్లి కుదిరిన రోజు అది బయటపడింది. ఫ్రిజ్ కవరు ఉతికి ఆరేస్తూ, నాతోనో కవరుతోనో తెలియకుండా అంది.

"ఇన్నేండ్లు అల్లిందంతా మిషన్ల మీదికే పోయిందిరా. ఒక్కటన్నా మనిషి మీదికి ఎక్కల్ల. పెండ్లికూతురి కొంగుకు ఎక్కితే, ఇంగ ఈ సూది పక్కన పెట్టేసినా ఏం లేదు."

ఆమె సూది పక్కన పెట్టేస్తుందని నేను నమ్మలేదు. మొదటి మాట మాత్రం నమ్మాను. మా ఇంట్లో ఎవరం ఎప్పుడూ ఆమె లేసు వేసుకోలేదు. మా చొక్కాలకు అవసరం లేదు, అమ్మ చీరలకు దుకాణం కుచ్చులుంటాయి. లంగా కట్టుకునే వయసు పిల్ల ఇంట్లో లేదు, సిలిండరు తప్ప.

మళ్లీ మగ్గం దగ్గరికి. "లేసా?" అన్న మామ ముఖం ఎందుకు అలా మారిందో మాకు తర్వాత అర్థమైంది. ధర్మవరంలో చీరలు నేసేవాళ్లకు లేసు అంటే అల్లిక కాదు. ఫ్యాన్సీ స్టోరులో చుట్టల లెక్కన వేలాడుతూ, మీటరు చొప్పున కత్తిరించి ఇచ్చే మెరుపు పట్టీ. చౌకరకం చీరలకు అంచు నేయడం దండగని మిషన్ మీద కుట్టిపారేసేది. అంచును పోగు పోగుగా నేసే మనిషితో, నీ చీరకు లేసు పెడతాం అనడం ఎలాంటిదంటే, వంట చేసినామెను కూర్చోబెట్టి పక్క హోటల్లోంచి చారు తెప్పించుకుంటాం అనడం లాంటిది.

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, మర్యాద తప్పకుండా, నేసేది మేము, కుట్టేది టైలర్లు, ముహూర్తపు చీర టైలరు దగ్గరికి పోదు అని చెప్పాడు. పెద్దమ్మ అది ఫ్యాన్సీ స్టోరు లేసు కాదంది. మరి యాడిదన్నాడు. సంచిలోంచి ముక్క తీసి ఇచ్చింది.

ఆయన దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపాడు. వెనక్కి తిప్పాడు. తలుపు వైపు ఎత్తి వెలుతురుకు పట్టాడు. నేను పనిచేసే చోట ఇన్‌స్పెక్షన్ ఇంత బాగా జరగదు.

"అక్కా, దీంట్లో అన్నీ చిల్లులే కదా," అన్నాడు. "మా చీరలో ఒక్క చిల్లు పడితే డామేజీ అని షాపాయన పక్కన పారేస్తాడు. నువ్వు కావాలని పెడతాండావు."

"చిల్లు పెట్టడం లేదప్పా. చిల్లు చుట్టూ అల్లుతాండా."

"చుట్టూ అల్లినా మధ్యలో ఉండేది చిల్లే కదా."

ఇద్దరూ నా వైపు చూశారు. నేను ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీలో పనిచేస్తానని, తలుపుకీ బాడీకీ మధ్య సందు కొలవడం నా ఉద్యోగమని వాళ్లకు తెలుసు. సందు విషయంలో చదువుకున్నవాడి మాట కావాలనుకున్నారు. సందు ఉండాల్సిన చోట, ఉండాల్సినంత ఉంటే అది లోపం కాదని, లేని చోట ఉంటే లోపమని చెప్పాను. అది ఇద్దరికీ తన పక్షంగానే వినబడింది. ఉద్యోగంలో కూడా నా రిపోర్టులు చాలావరకు ఇలాగే ఉపయోగపడతాయి.

ఇంతలో మంచం మీద మామ తల్లి, ఆ ఇంటి అవ్వ, కదిలింది. ఆమె పుట్టిల్లు మడకశిరకు అవతల, కన్నడం మాట్లాడే ఊరు. చెవులు సరిగా వినబడవు. గంట నుంచి ఎవరెవరు ఏమంటున్నారో తెలియకపోయినా, లేసు అన్న మాట మాత్రం అందరి నోటా వస్తోందని పట్టుకుంది. ఆమె చిన్ననాటి కన్నడంలో లేసు అంటే మంచిది, బాగుంది అని. మన పాత తెలుగులో లెస్స అన్నట్టు. పెళ్లిమాటల్లో అందరూ ఇన్నిసార్లు బాగుంది, బాగుంది అనుకుంటుంటే ముసలామెకు సంతోషం వేసింది. చెయ్యెత్తి, పెద్ద గొంతుతో అంది.

"లేసు, లేసు. అట్లే కానీండి."

పెద్దమ్మకు కన్నడం వచ్చు. అవ్వ ఏ అర్థంలో అన్నదో ఆ గదిలో అందరికంటే ముందు ఆమెకే తెలిసి ఉంటుంది. చాప మీంచి లేచి అవ్వ కాళ్లకు మొక్కి, పెద్దావిడే ఒప్పుకుందని అమ్మతో చెప్పింది. మామ ఏదో అనబోయాడు. సంబంధం కలుపుకునే రోజున, అందరి ముందర, తల్లి మాట కాదనడం ఆయన వల్ల కాలేదు. తలుపు దాకా సాగనంపుతూ ఒక్క షరతు పెట్టాడు.

"సరే అక్కా. మా యమ్మ అన్నాది కాబట్టి కాదన్ను. కానీ నా చీరలో సూది దిగకూడదు. దిగిందా, ఆ పొద్దే విప్పదీపిస్తా. పీటల మీద ఉన్నా సరే."

సూది దిగకుండా చీరకు లేసు ఎలా కుడతారో ఆయన చెప్పలేదు. కుట్టలేరన్నదే ఆయన ధైర్యం. కారు కొత్తచెరువు దాటాక అమ్మ, ఎందుకొచ్చిన గొడవ, ఆ ముక్క ఏ పూజ పళ్లేనికో వేసుకుందాం అంది. పెద్దమ్మ సంచి మూతి బిగించి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. పూజ పళ్లెం కూడా ఆమె లెక్కలో మిషనే.

తర్వాతి వారాల్లో మామ నాకు రెండు మూడుసార్లు ఫోన్ చేశాడు. చీర సంగతి చెబుతున్నట్టు చెప్పి, మీ పెద్దమ్మ లేసు మాట ఇంకా తీస్తోందా అని ఆరా తీసేవాడు. తీస్తోందని చెప్పేవాణ్ని. ఏం అల్లుడూ, చదువుకున్నోడివి, నువ్వన్నా చెప్పకూడదా అనేవాడు. ఫ్యాక్టరీలో నా మాట వినడానికి జీతాలున్న మనుషులే వినరని ఆయనకు చెప్పలేదు.

చీర పూర్తయ్యాక ఆయనే పెనుకొండ దాకా తెచ్చాడు. పట్టుచీరను కొరియర్‌కు ఇవ్వడం ఆయనకు ఇష్టం లేదు. షిఫ్టు అయ్యాక బస్టాండు దగ్గర టీ అంగడిలో కలిశాం. ముందు బల్లను తన తువ్వాలుతో తుడిచి, దాని మీద న్యూస్ పేపరు, పేపరు మీద తెల్లగుడ్డ పరిచి, అప్పుడు మూట విప్పాడు. అరిటాకు పచ్చ. కొంగు మడత తీసి చివర చూపించాడు. మామూలుగా మగ్గం మీంచి చీర కోసేటప్పుడు కొంగు చివర నేయని పోగులు కొద్దిగా వదులుతారు, వాటితోనే కుచ్చులు ముడేస్తారు. ఈ చీరకు ఆయన జానెడు వదిలాడు. అంత పట్టు వృథా చేయడానికి ఎంత మనసు గట్టి చేసుకున్నాడో ఆయన ముఖమే చెప్పింది.

"కుచ్చులు ఒత్తుగా, బారుగా వస్తాయి. కొంగు చివర అంతా నిండిపోతాది," అన్నాడు. "ఇంగ మీ లేసుకు తావే లేదు. పెద్దమ్మతో చెప్పు, నేనేం అడ్డం చెప్పలేదని."

ఆ మాటే ఇంట్లో చెప్పాను. పెద్దమ్మ మంచం మీద దుప్పటి పరిపించి, చీర విప్పించి, ఆ జానెడు పోగుల్ని చేతి మీద వేసుకుని చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. అమ్మ వంటింట్లోంచి వచ్చి ఏమైందని అడిగింది. ఏంలేదు, వియ్యంకుడు అడ్డుగోడ కట్టి దాంట్లో వాకిలి పెట్టినాడు అంది.

ఆమె చేసింది ఇది. కుంకుమ రంగు పట్టుదారంతో కొంగు వెడల్పున బెత్తెడు లేసు విడిగా అల్లింది. లేసు పై అంచు పొడవునా వరసగా చిల్లులు. చీర పోగుల్ని చిన్న చిన్న పాయలుగా విడదీసి, ఒక్కో పాయను ఒక్కో చిల్లులోంచి వేళ్లతో దూర్చి, వెనక్కి తెచ్చి ముడేసింది. మిగిలిన పోగులు లేసు కిందికి సన్నటి కుచ్చులై దిగాయి. చీర గుడ్డను సూది తాకలేదు. పోగులు పొట్టివైతే ఈ పని కుదిరేది కాదు. చిల్లులు లేకపోయినా కుదిరేది కాదు. మామ జానెడు పట్టు ఖర్చుపెట్టి ఆమెకు కావాల్సింది పంపించాడు.

నా వంతు సాయం కూడా చేయబోయాను. చిల్లులెన్నో, పాయలెన్నో ముందే సమానంగా లెక్క వేసుకోకపోతే చివర్లో తేడా వస్తుందని చెప్పి, కొంగు వెడల్పు కొలిచి, కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చాను. ఆమె ఆ కాగితాన్ని దారం ఉండ దొర్లకుండా కింద పెట్టుకుంది. మొదటి అంచు నుంచి చూపుతోనే పాయలు తీసుకుంటూ పోయింది. ఇంకో అంచు చేరేసరికి పాయలు అయిపోయాయి, ఒక చిల్లు మిగిలింది. నా లెక్క సరైనదని రుజువైంది. మొత్తం విప్పి మళ్లీ మొదలుపెట్టాలన్నాను. ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుని, చేతులు నొప్పులు పుడుతున్నాయని లేచిపోయింది. అది అలాగే ఉండిపోయింది.

రెండు వైపులవాళ్లకూ సమానంగా దూరమవుతుందని పెళ్లికి పెనుకొండలో కళ్యాణమండపం తీసుకున్నారు. అందువల్ల అది రెండు వైపులవాళ్లకూ సమానంగా నచ్చలేదు. ముహూర్తానికి ముందు చీర పళ్లెం ఆడపెళ్లివాళ్ల గదిలోకి వెళ్లింది. మోసింది నేను. వెనక పెద్దమ్మ గడప దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. పెదనాయన పోయినప్పటి నుంచి శుభకార్యాల్లో ఇలాంటి గడపలు ఆమె ఎవరూ చెప్పకుండానే గుర్తుపడుతుంది.

మామ పళ్లెంలోంచి చీర ఎత్తుకుని, కిటికీ దగ్గరికి పోయి, కొంగు విప్పాడు. లేసు చూశాడు. కొంగు తిరగేసి వెనకవైపు చూశాడు. నేత చివర వరసను చేతివేళ్లతో ఈ అంచు నుంచి ఆ అంచు దాకా మెల్లగా తడిమాడు, సూది దిగిన గుర్తు కోసం. చీర కోసం లోపల కూర్చున్న వదినకు జడ వేస్తున్నవాళ్లు చేతులు ఆపారు. బయట మేళగాళ్లు ఏదో సరిచూసుకుంటున్నారు. ఆయన చేయి ఆ చివర అంచు దగ్గర ఆగింది. పెద్దమ్మ ద్వారబంధం పట్టుకుంది.

"అక్కా, ఈడ ఒక చిల్లు ఖాళీగా ఉండాదే," అన్నాడు.

అంటే అన్నీ చూశాడన్నమాట. వెనక్కి తిప్పి పంపించడానికి ఆయనకు ఆ ఒక్కటి చాలు. విప్పిస్తానన్న మాట ఆయన మరిచిపోయే రకం కాదు. పెద్దమ్మ నా వైపు చూసింది. నేను కాగితం మాట ఎత్తలేదు.

"దిష్టికి వదిలినా అప్పా," అంది. "ఇంత మంచి చీరకు ఎక్కడన్నా ఒక తక్కువ ఉండల్ల కదా."

నేసేవాళ్ల ఇంట్లో దిష్టి అనే మాటకు ఎదురు చెప్పడం కష్టం. పైగా ఆమె ఒకే ముక్కలో తన తప్పును ఆయన చీర గొప్పతనంగా మార్చేసింది. ఆయన మళ్లీ ఆ చిల్లు వైపు చూశాడు. తన చిటికెన వేలి కొన అందులో పెట్టి తీశాడు. తర్వాత చీర మడిచి, కూతురి చేతికిచ్చాడు.

"కట్టుకో పోమ్మా. సూది దిగలేదు."

పెద్దమ్మ మండపంలో చివరి వరసలో కూర్చుంది. ముందుకు రమ్మని వదినే కబురు పంపితే, ఈడ్నుంచే బాగా కనబడుతుందంది. నిజమే. పీటల మీద పెళ్లికూతురు జనానికి వీపు తిప్పి కూర్చున్నప్పుడు కొంగు కనబడేది వెనకవాళ్లకే. తలంబ్రాలప్పుడు నాలుగు బియ్యపు గింజలు లేసులో చిక్కుకుంటే, ఫొటోగ్రాఫరు అసిస్టెంటు దులపబోయాడు. ఉండనీ నాయనా, తాకొద్దు అని అంత దూరం నుంచి కేకేసింది. ఆ రోజు ఆమె గట్టిగా మాట్లాడింది అదొక్కటే.

మర్నాడు ఆమె సంచి తీసి, అన్నవాళ్లు కొత్త కాపురానికి కొనుక్కున్న వాషింగ్ మిషన్ ఎత్తు ఎంతో కనుక్కుని చెప్పమంది.

చీర ఇప్పుడు అన్నవాళ్ల బీరువాలో ఉంది. పోయిన నెల వదిన దాన్ని ఎండకు తీసినప్పుడు నేను అక్కడే ఉన్నాను. లేసులో పై వరస చిల్లులు నూట పన్నెండు. పోగులు దిగినవి నూట పదకొండు.